అటక దిగిన హార్మోనియం పెట్టె



పోయిన వారం ఇదే పేజీలో అటక సర్దుకోవడం గురించి నాలుగు మాటలు రాశాను. ఏడాదిగా ముట్టుకోని వస్తువు ఇంట్లో ఉంచుకోవద్దు, ఎవరికైనా ఇచ్చేయండి అని పెద్ద ఆరిందాలా సలహా కూడా చెప్పాను. అది అచ్చయి వచ్చిన రోజు మా అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "అయితే నీ పెట్టె సంగతేమిటే అమ్మాయ్? ఆ లెక్కన దాన్ని ఎప్పుడో ఇచ్చేయాల్సింది కదా!" అన్నారు. నాకు నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. అందుకే ఈ వారం వంటా వార్పూ పక్కనపెట్టి, ఆ పెట్టె సంగతే చెబుతాను.

పెట్టె అంటే హార్మోనియం అండీ. మా నాన్నగారిది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల నాటకాల పిచ్చి లేని ఊరు ఉండదని మీకు తెలిసిందే. నాన్నగారు సహకార సంఘంలో గుమాస్తా. పగలంతా ఎరువుల బస్తాల లెక్కలు రాసేవారు. సాయంత్రం అయిదు దాటిందంటే ఆయన వేరే మనిషి! శ్రీరామనవమి పందిళ్ళలో, తిరునాళ్ళలో పద్యనాటకం ఉందంటే హార్మోనియం ఆయనదే. డబ్బు తీసుకునేవారు కాదు. బస్సు ఛార్జీలు, ఒక కాఫీ, అంతే. "డబ్బు తీసుకుంటే ఉద్యోగం అవుతుంది. ఉద్యోగం నాకొకటి ఉందిగా" అనేవారు. అమ్మ మాత్రం "కాఫీకి తెల్లవార్లూ మేలుకుంటారు" అని సణిగేది. సణుగుతూనే ఆయన లాల్చీకి గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఉంచేది.

నాటకాల్లో వాడేది కాలితో తొక్కే హార్మోనియం. దాన్ని స్టేజి ముందు ఒక పక్కగా పెట్టుకుని, కుర్చీలో కూర్చుని వాయించేవారు. మీలో పద్యనాటకాలు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. హరిశ్చంద్రుడో, కృష్ణుడో పద్యం ఎత్తుకుని చివర రాగం తీస్తాడు చూడండి, ఆయన ఊపిరి తీసుకునే సందులో పాట తెగిపోకుండా హార్మోనియం అందుకుంటుంది. మళ్ళీ ఆయన ఎత్తుకోగానే అది వెనక్కి తగ్గుతుంది. చప్పట్లూ, ఒన్స్ మోర్లూ నటుడికే! హార్మోనియం మనిషిని ఎవరూ చూడరు. కానీ ఆయన లేకపోతే పద్యం నిలబడదు. చిన్నప్పుడు నాకు అది అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళు వంటింట్లో నిలబడ్డాక బాగా అర్థమైంది!

ఇంట్లో ఉన్నది మాత్రం చేతి పెట్టె. ఎడమ చేత్తో వెనక తిత్తి ఆడిస్తూ కుడిచేత్తో మెట్లు నొక్కాలి. 1986లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, నాన్నగారు నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. మొదటి నెలంతా ఒక్క మెట్టు కూడా సరిగా నొక్కనివ్వలేదంటే నమ్మండి. ఒక్క 'స' నొక్కి పట్టుకుని తిత్తి ఆడించడమే పని. ధ్వని వణకకూడదు, పెరగకూడదు, తగ్గకూడదు. "మెట్లు ఎవరైనా నొక్కుతారు అమ్మడూ, గాలి వెయ్యడంలోనే ఉంది విద్యంతా" అనేవారు. చెయ్యి నొప్పెట్టి ఏడ్చేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది ఆ మాట విలువ.

తర్వాత మాయామాళవగౌళలో సరళీస్వరాలు. ఒకటో శృతిలో అయితే ఏడు స్వరాల్లో రి, ధ రెండే నల్లమెట్లు, మిగిలినవన్నీ తెల్లవి. చిన్నపిల్లలు కూడా ఇట్టే గుర్తుపెట్టుకోవచ్చు. ఆ తర్వాత మోహన రాగం చెబుతూ ఒక తమాషా చూపించారు. ఒకటో శృతిలో మోహన వాయిస్తే అయిదు స్వరాలూ తెల్లమెట్లే. అదే నాలుగున్నర శృతికి మారిస్తే, అంటే నాలుగో తెల్లమెట్టుకీ అయిదో తెల్లమెట్టుకీ మధ్యనున్న నల్లమెట్టును 'స' అనుకుంటే, అయిదూ నల్లమెట్లే! తెల్లమెట్టు ముట్టుకోనక్కర్లేదు. నాకు అది ఇంద్రజాలంలా ఉండేది. స్నేహితురాళ్ళందరినీ పిలిచి చూపించేదాన్ని. ఇంట్లో పెట్టె గానీ, పిల్లల కీబోర్డు గానీ ఉంటే మీరూ ఒకసారి నల్లమెట్ల మీద వేలు ఆడించి చూడండి. సంగీతం రాకపోయినా ఏదో పాటలాగే వినిపిస్తుంది.

ఈ పెట్టె అసలు మనది కాదని నాన్నగారే చెప్పారు. 1840 ప్రాంతంలో పారిస్ నగరంలో అలెగ్జాండర్ దెబాఁ అనే ఆయన తయారుచేశాడట. పాశ్చాత్యుల చర్చిల్లో పెద్ద పెద్ద గొట్టాల ఆర్గాన్లు ఉంటాయి కదా, అంత ఖర్చు పెట్టలేని చిన్న చర్చిలకీ ఇళ్ళకీ పనికొచ్చేలా చేసిన వాద్యం అది. గొట్టాల బదులు ఇందులో ఇత్తడి రీడ్లు ఉంటాయి. మన దేశానికి వచ్చాక కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని మనకు తగ్గట్టు మార్చాడు. మనవాళ్ళు నేలమీద బాసింపట్టు వేసుకుని పాడతారు, కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కడం కుదరదు కదా! అందుకని తిత్తిని వెనక్కి తెచ్చి చేత్తో ఆడించేలా చేశాడు. అంతే, భజన మందిరాల్లో, గురుద్వారాల్లో, ఖవాలీల్లో, మన చర్చి కీర్తనల్లో, నాటకాల్లో ఎక్కడ చూసినా అదే! ఏ మతం వాళ్ళు ఆ పెట్టెను వద్దన్నారు చెప్పండి?

వద్దన్నది మాత్రం రేడియో! 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఎందుకంటే మన సంగీతానికి ప్రాణం గమకం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, ఊగుతూ వెళ్ళాలి. గొంతు, వీణ, వయొలిన్ అలా వెళతాయి. హార్మోనియంలో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏమీ లేదు, ఖాళీయే. పైగా దాని స్వరస్థానాలు మన గాత్రానికి పూర్తిగా కుదరవని పెద్దల అభ్యంతరం. విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్‌కి కూడా ఇది గిట్టేది కాదు. ఆ నిషేధాన్ని సడలించింది 1971లో. అంటే ముప్పై ఒక్క ఏళ్ళు!

నాన్నగారు ఈ కథ ఎప్పుడు చెప్పినా చివర్లో నవ్వి, "రేడియోవాళ్ళు తప్పు అన్లేదమ్మా, వాళ్ళు చెప్పిన లోపం నిజమే. కానీ ఈ దేశంలో ఒక్క ఇంట్లో అయినా వాయించడం ఆపారా?" అనేవారు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇంటర్ పాసవగానే నా చదువు ఆగింది. 1998లో పెళ్ళయింది, గుంటూరు కాపురానికి వచ్చాను. సారె సామాన్లు లారీకి ఎక్కిస్తున్నప్పుడు నాన్నగారు పెట్టెకి గుడ్డ చుట్టి బయటికి తెచ్చారు. నేనే వద్దన్నాను. "కొత్తగా వెళ్ళేచోట బావుండదు నాన్నా, తర్వాత తీసుకెళతాలే" అన్నాను. ఆయన ఒక్క మాటన్నా అనకుండా లోపల పెట్టేశారు. ఆ "తర్వాత" ఎప్పటికీ రాలేదు. మొదట పురుళ్ళు, తర్వాత పిల్లల చదువులు, మామగారి జబ్బు, ఇంటి అప్పు. 2014లో నాన్నగారు పోయారు. ఒక్కసారి కూడా ఆయన ముందు కూర్చుని మళ్ళీ వాయించలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

2019లో అన్నయ్య ఊళ్ళో ఇల్లు అమ్మేస్తూ ఫోన్ చేశాడు. "చెల్లాయ్, పాత సామానువాడు వచ్చాడు. నాన్న పెట్టె తిత్తి ఎలకలు కొట్టేశాయి. ఇత్తడికి ఏదో ఇస్తానంటున్నాడు, ఇచ్చెయ్యనా?" అన్నాడు. ఇవ్వద్దని అరిచినంత పని చేశాను. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

తెచ్చి ఏం చేశాననుకున్నారు? మా ఇంటి అటక మీద పెట్టాను! ఏడాది పాటు అక్కడే ఉంది. ఇదండీ నా ఘనకార్యం.

2020లో లాక్‌డౌన్ రోజులు. పనమ్మాయి లేదు, అందరూ ఇంట్లోనే, పొద్దస్తమానం వంటే. ఒకరోజు గిన్నెలు తోముతూ విసుగెత్తి అత్తయ్యగారి మీద నోరు జారాను. "నాకూ ఓ సరదా ఉండేది. పెట్టె వాయించుకునేదాన్ని. ఈ ఇంటికొచ్చి అన్నీ వదులుకున్నాను" అన్నాను. ఇన్నేళ్ళూ మనసులో దాచుకున్న మాట అది. అమ్మతో అనేదాన్ని, స్నేహితురాళ్ళతో అనేదాన్ని, అత్తగారింట్లో కుదర్లేదని. ఆవిడ ముందు మాత్రం అదే మొదటిసారి.

అత్తయ్యగారు కోప్పడలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న చేట పక్కన పెట్టి, "నేనెప్పుడు వద్దన్నానే అమ్మాయ్? నువ్వెప్పుడు తెచ్చావు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఎంత ఆలోచించినా లేదు. ఆవిడ వద్దన్న రోజు లేదు. మా వారు వద్దన్న రోజు లేదు. అసలు నేను వాయిస్తానన్న సంగతే ఆయనకి సరిగా తెలియదు! "ఏమనుకుంటారో" అని నేనే అనుకుని, నేనే మానేసి, ఆ నింద ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ మీద వేస్తూ వచ్చాను. రేడియోవాళ్ళు ముప్పై ఒక్క ఏళ్ళు నిషేధం పెట్టినా దేశంలో ఎవరూ ఆ పెట్టె వదల్లేదు. నన్ను ఎవరూ నిషేధించకుండానే నేను వదిలేశాను!

కాసేపాగి అత్తయ్యగారే అన్నారు. "నేనూ మా ఊరి భజన సమాజంలో ప్రతి శనివారం పాడేదాన్ని. పెళ్ళయ్యాక నోరెత్తలేదు. నన్నూ ఎవరూ వద్దనలేదే."

ఇరవై రెండేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం. ఆవిడ పాడతారని నాకు తెలియదు, నేను వాయిస్తానని ఆవిడకి తెలియదు. దీన్ని ఏమనాలి చెప్పండి?

అందరి ఇళ్ళూ మా ఇల్లులాగే ఉంటాయని నేననను. నిజంగానే వద్దనేవాళ్ళు ఉన్నారు, పుస్తకం పట్టుకుంటే సాధించేవాళ్ళూ ఉన్నారు. ఆ చెల్లెళ్ళ కష్టం వేరు. కానీ అడగకముందే మనకి మనమే జవాబు చెప్పేసుకునేవాళ్ళం కూడా చాలామందిమి ఉన్నాం. నేను ఆ రెండో రకం.

లాక్‌డౌన్ సడలాక, చీటీ డబ్బులో కొంత తీసి పెట్టెను విజయవాడలో ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన పైచెక్క విప్పి చూపించారు. పుట్టి బుద్ధెరిగాక ఆ పెట్టె లోపల నేను చూడటం అదే! ముప్పై తొమ్మిది మెట్లు. ఒక్కో మెట్టుకి రెండు రీడ్లు, మంద్రంగా పలికేదొకటి, పైస్థాయిలో పలికేదొకటి. మొత్తం డెబ్బై ఎనిమిది ఇత్తడి నాలుకలు. ఇన్నేళ్ళూ వాటిని మూగగా ఉంచింది నేనే కదా అనిపించింది.

తిత్తి కొత్తది వేశారు. మెట్ల కింద ఎండిపోయిన తోలు మార్చారు. ఒక్కో రీడును పైకి తీసి, దుమ్ము దులిపి, శృతి చూశారు. శృతి పెంచాలంటే రీడు కొసన సన్నగా గీకుతారట, తగ్గించాలంటే మొదట్లో గీకుతారట. వెంట్రుకంత తేడా వచ్చినా స్వరం మారిపోతుంది. నా మట్టుకు నాకు మన దోసెల పెనం మీద మంట చూసుకోవడం గుర్తొచ్చింది. ఎవరికి వాళ్ళ చెయ్యి చెప్పాల్సిందే, పుస్తకంలో రాసి ఇచ్చేది కాదు.

ఇంటికి తెచ్చి మొదటిరోజు కూర్చున్నాను. తిత్తి ఆడిస్తే ధ్వని దగ్గుతున్నట్టు వచ్చింది. ఎడమ భుజం పది నిమిషాలకే పట్టేసింది. గీతాలు ఒక్కటీ గుర్తులేవు. కానీ సరళీస్వరాలు మాత్రం నేను ఆలోచించకుండానే వేళ్ళు వాయించాయి! వేళ్ళకి వేరే జ్ఞాపకం ఉంటుంది కాబోలు. అలా ఆ రోజు నేను వాయించింది సరళీస్వరాలే, ఎనిమిదేళ్ళ పిల్లలా.

మా అబ్బాయి ఫోనులో హార్మోనియం చూపించాడు. "ఇదిగో అమ్మా, బరువూ లేదు, రిపేరూ లేదు" అన్నాడు. నొక్కి చూశాను, బాగానే పలికింది. కానీ గాలి వెయ్యక్కర్లేదు. గాలి వెయ్యకపోతే మరి నా పనేమిటి? మనం ఆపితే ఆగిపోవాలి, మనం ఊపిరి పోస్తేనే పలకాలి. నాకు ఆ పెట్టెలో నచ్చేది అదే. ఆ మాట వాడికి చెబితే నవ్వాడు. నవ్వనీ!

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర వరకూ నాది. ఆ అరగంటలో కుక్కర్ కూతలు ఉండవు, కాలింగ్ బెల్ మోగితే అత్తయ్యగారు చూసుకుంటారు. గొప్పగా వాయిస్తానని అనుకోకండి. వేగం పెరిగితే వేళ్ళు తడబడతాయి. స్టేజి ఎక్కేది లేదు, టీవీలో కనిపించేది లేదు. పక్కింటావిడ ఒకసారి అడిగారు, "ఈ వయసులో నేర్చుకుని ఏం చేస్తారండీ?" అని. "సాయంత్రం కాఫీ పెడతానండీ" అన్నాను! నిజమే, ఆ అరగంట తర్వాత మళ్ళీ నా పనులు నావే. కాకపోతే చిరాకు తగ్గింది. ఆ మార్పు మా ఇంట్లో అందరికీ తెలుసు.

శనివారం సాయంత్రాలు అత్తయ్యగారు పాడతారు, నేను వాయిస్తాను. ఆవిడకి డెబ్బై దాటాయి, ఊపిరి నిలవదు. పాట మధ్యలో ఆగిపోతారు. ఆ సందులో నేను హార్మోనియంతో అందుకుంటాను. ఆవిడ మళ్ళీ ఎత్తుకోగానే తగ్గిస్తాను. నాన్నగారు స్టేజి పక్కన కూర్చుని చేసిన పని అదే కదా! మెచ్చుకోవడం మాత్రం ఆవిడకి అలవాటు లేదు. "అక్కడ నిషాదం తప్పావు" అంటారు. తప్పినమాట నిజమే!

మీ ఇంట్లోనూ పెట్టె ఉంటే ఈ నాలుగు జాగ్రత్తలు తీసుకోండి:

* వాయించడం అయ్యాక ముందు స్టాపర్లు మూసేయండి, తిత్తి అదిమి కొక్కెం పెట్టండి. తెరిచి వదిలేస్తే దుమ్ము రీడ్లలోకి పోతుంది.

* గోడవారగా నేలమీద పెట్టకండి, చెమ్మ తగిలితే చెక్క ఉబ్బి మెట్లు పట్టేస్తాయి. పీట మీద పెట్టి గుడ్డ కప్పండి. ఎండలో అసలు పెట్టొద్దు, చెక్క బీటలిస్తుంది.

* తోలునీ గుడ్డనీ పురుగు కొడుతుంది. పక్కన రెండు కలరా ఉండలు చిన్న మూటకట్టి ఉంచండి. పసిపిల్లలకి అందకుండా చూసుకోండి సుమా!

* ఏదైనా మెట్టు నొక్కకుండానే కూస్తుంటే కంగారుపడకండి. దాని కింద నలక చేరి ఉంటుంది, లేదా స్ప్రింగు పక్కకి జరిగి ఉంటుంది. రీడ్లు మాత్రం మీరు గీకకండి. ఆ పని తెలిసినవాళ్ళకే వదిలేయండి.

పెట్టె లేనివాళ్ళకి కూడా ఒక మాట. మీ అటక మీద ఏముందో నాకు తెలియదు. కుట్టుమిషనో, రంగుల పెట్టో, సగం రాసిన నోటుపుస్తకమో. పోయిన వారం సలహా నేను కొంచెం దిద్దుకుంటున్నాను. ఏడాదిగా ముట్టుకోని వస్తువు ఇచ్చేయండి, సరే. కానీ ఇచ్చేముందు ఒక్కసారి ఒళ్ళో పెట్టుకుని చూడండి. దాన్ని అటకెక్కించింది ఎవరో నిజాయితీగా గుర్తుచేసుకోండి. మీరే అయితే మీరే దించవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడు కావస్తోంది. ఇక ఉంటానండీ.